రామప్పకు పిల్లల్ని తీసుకెళ్లేముందు

బిడ్డా,

బడికి సెలవులివ్వగానే జూలైలో పిల్లలతో వస్తున్నామని, ఒక పూట రామప్పకు పోదామని ఫోన్‌లో అన్నావు. విని ప్రాణం లేచొచ్చింది. కానీ రామప్ప, లక్నవరం చెరువు, బొగత జలపాతం మూడూ ఒక్కరోజులో చుట్టేద్దామని అల్లుడు అనుకుంటున్నాడట. వద్దని నామాటగా చెప్పు. హనుమకొండ నుంచి రామప్ప గుడి ఉన్న పాలంపేట అటూఇటుగా డెబ్బై కిలోమీటర్లు. తెల్లారగట్ల బయల్దేరి, ఆ పూటంతా గుడికే ఇవ్వండి.

ఐర్లండ్‌లో మీ బాలింకాలిగ్‌లో లీ నది ఒడ్డున, పిల్లలు సైకిళ్లు తొక్కే పార్కులో పాత మందుగుండు మిల్లు గోడలున్నాయి కదా. 1794లో మొదలై 1903లో మూతపడిందది. అక్కడ కాలువలు చూస్తారు, బోర్డు చదువుతారు, ఇంటికొస్తారు. పాత కట్టడమంటే అంతేనని పిల్లలకు అలవాటైపోయింది. రామప్పనూ అట్లనే చూసి వస్తారేమోనని నా బెంగ. ఈ గుడిలో ఈనాటికీ దీపం పెడుతున్నారు, శివరాత్రికి జనం కిటకిటలాడుతారు. శాసనంలో శక సంవత్సరం 1135 అని ఉంది, అంటే 1213. కాకతీయ రాజు గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు ప్రతిష్ఠించిన రుద్రేశ్వరుడికే మనం రామలింగేశ్వరుడని మొక్కుతున్నాం. 2021లో యునెస్కో గుర్తింపు వచ్చింది, సంతోషమే. ఆ మాట పిల్లలకు ఆఖరున చెప్పు.

నీళ్లమీద తేలే ఇటుకల సంగతి వాళ్లకు ముందే చెప్పావట. మంచిదే. కానీ మాయ అని మాత్రం చెప్పకు బిడ్డా. ఇటుక నిండా సన్నటి రంధ్రాలుంటాయి, అందుకే తేలిక. శిఖరం బరువు తగ్గితే కింద రాతిమీద భారం తగ్గుతుంది. పునాది గుంతలో ఇసుక నింపి దానిమీద గుడి లేపారు, భూమి అదిరితే ఆ అదురును ఇసుక పట్టుకోవాలని. ఎనిమిది వందల ఏళ్ల కింద మనవాళ్లు బుర్రపెట్టి చేసిన పని అది. మాయ అన్నామంటే వాళ్ల తెలివిని మనమే తీసేసినట్టు. లోపల నేల అక్కడక్కడ కుంగి ఎగుడుదిగుడుగా ఉంటుంది, చిన్నదాని చెయ్యి వదలకు.

పోగానే లోపలికి దూరకండి. చెప్పులు విడిచి, నక్షత్రం ఆకారంలో ఉన్న ఎత్తరుగు ఎక్కి బయట ఒక ప్రదక్షిణం చెయ్యండి. గోడ అడుగున వరసగా నడిచే ఏనుగుల్ని చిన్నది లెక్కపెట్టుకోనీ. తలెత్తితే చూరు కింద నల్లరాతి మదనికలు. గుడి ఎర్ర ఇసుకరాయి, వీళ్లు మాత్రం గట్టి నల్లరాయి. స్తంభం మీంచి చూరుదాకా ఏటవాలుగా, నడుము వంచి నిలబడ్డారు. మెడలో హారం పూసపూసా విడివిడిగా కనబడుతుంది. ఒకామె కాలికి ఎత్తుమడమల చెప్పులు కూడా ఉన్నాయి. పిల్లలు నవ్వుతారు, నవ్వనీ. గుడి ముందు నవ్వితే దేవుడు కోప్పడడు. నీ పెద్దది మీ ఊళ్లో డాన్స్ నేర్చుకుంటోంది కాబట్టి దానికి ఒకటి చెప్పు: గణపతిదేవుడి గజసేనాని జాయప ‘నృత్తరత్నావళి’ రాశాడు. ఆ గ్రంథాన్ని, ఈ గుడి శిల్పాల్ని ఎదురెదురుగా పెట్టుకునే నటరాజ రామకృష్ణ గారు పేరిణి నాట్యానికి మళ్లీ ప్రాణం పోశారు.

తర్వాత తూర్పు వాకిట్లోంచి లోపలికి పోండి. రంగమండపంలో నాలుగు నల్ల స్తంభాలు, పైన దూలాల మీద పురాణ కథలు. అది దాటితే గర్భగుడి. ఇంతసేపు చూసిన నాట్యం, నగలు, ఏనుగులు ఏవీ అక్కడుండవు. ముక్కూ మొహం లేని లింగం ఒక్కటే. శిల్పి ఇంత పనీ చేసి ఇక్కడికొచ్చి ఉలి ఎందుకు దించాడో పిల్లల్నే అడుగు. జవాబు నువ్వు అందివ్వకు. ఫోన్ సంచిలో పెట్టి కాసేపు నిలబడండి. శిల్పాల మీద చేతులు వేయనివ్వకు, ఎంత ముద్దొచ్చినా సరే.

వచ్చేటప్పుడు చెరువు కట్ట మీదికీ తీసుకుపో. రామప్ప చెరువు కూడా కాకతీయులదే. ఇప్పటికీ ఆ నీళ్లతోనే కింద పొలాలు పారుతున్నాయి. గుడి ఉన్నచోట చెరువూ ఉండాలన్నది ఆ కాలం నడిచిన తీరు. వానలు పడితే జూలైకి నాట్లు కూడా కనబడతాయి.

ఇద్దరి పేర్లమీదా అర్చన చేయించాలి. వాళ్ల నక్షత్రాలు రాసి పంపు, గోత్రం అల్లుణ్ని అడిగి ఉంచుకో.

మీ నాన్న