దోసిటిలోని మీనము

ద్రవిడదేశాధీశుడగు సత్యవ్రతుడు నీరు మాత్రమే ఆహారముగా తపస్సు చేయుచు, ఒకనాడు కృతమాలా నదిలో నిలిచి జలతర్పణము విడుచుచుండెను. దోసిట పట్టిన నీటిలో ఒక చిన్న చేపపిల్ల కనబడినది. రాజు దానిని నీటితోపాటు నదిలోనికే విడిచెను. అందు తప్పేమియు లేదు. నదిలోనుండి వచ్చినది నదికే పోయినది. కాని ఆ చేపపిల్ల మాటలాడినది. పెద్దవి చిన్నవానిని మ్రింగు ఈ నీటిలో తన్నేల విడిచితివని దీనముగా అడిగినది. దయాళువగు రాజు దానిని తన కమండలువులో నుంచుకొని ఆశ్రమమునకు కొనిపోయెను. తెల్లవారునప్పటికి కమండలువు చాలలేదు. పెద్ద నీటిపాత్రలో వేసెను, అదియు చాలలేదు. సరస్సు చాలలేదు. తుదకు సముద్రమున విడువబోగా, ఇచ్చటి మకరములు తన్ను తినివేయునని, విడువవద్దని అది మరల ప్రార్థించినది. ఆ మీనము సాక్షాత్తు శ్రీహరియని రాజు గ్రహించినది అప్పుడే.

భాగవతము అష్టమస్కంధములోని ఈ కథ, పోతనామాత్యుని తెలుగు సేతను చదివినవారికిని, నాగలాపురమున మత్స్యరూపమున వెలసిన శ్రీ వేదనారాయణస్వామిని సేవించినవారికిని తెలిసినదే. పురాణకాలక్షేపములలో ఈ మొదటి భాగము సాధారణముగా త్వరగా గడచిపోవును. శ్రోతల మనస్సు ప్రళయముమీద, నావమీద, వేదోద్ధరణముమీద నుండును. కాని నిదానించి చూచినచో ఇందొక విశేషము కానవచ్చును. రాజు చూపిన దయ ప్రతిసారియు చాలకపోయినది. ఆయనకు దయ తక్కువై కాదు. తన ఆశ్రయమున నున్న ప్రాణికి ఏమి కావలెనో ఆయనకు తెలియలేదు. తెలియజెప్పినది చేపయే. ఆయన ప్రతిసారియు విని, ఉన్న పాత్రను విడిచి మరింత పెద్దదానిని వెదకెను.

నేడు ఇండ్లలో గాజుతొట్లయందు పెరుగు చేపలు మాటలాడవు. చిక్కంతయు అక్కడనే యున్నది.

అనకాపల్లి జిల్లాలో బంగాళాఖాతము ఒడ్డున, శారదానది సముద్రమును చేరు ప్రాంతమున రాంబిల్లి యున్నది. ఆ తీరమున చేపయనగా వలలో పడునది, బుట్టలో అంగడికి పోవునది, పూటకు అన్నము పెట్టునది. అట్టి ఊరిలో ఒక బాలుడు పట్టణమునుండి ప్లాస్టిక్ సంచిలో నాలుగు గోల్డ్‌ఫిష్‌లను కొని తెచ్చి గుండ్రని గాజుపాత్రలో వేసి కిటికీ ప్రక్కన పెట్టుకొనెననుకొందము. ఇరుగుపొరుగువారు నవ్వవచ్చును. సముద్రము ప్రక్కన పెట్టుకొని చెంబెడు నీటిలో చేపలేమిటని అడుగవచ్చును. బాలునికి మాత్రము వానిమీద ప్రేమ కుదిరినది. దగ్గరకు పోగానే అవి నోరు తెరచి పైకి వచ్చుచుండెను. ఆకలియని తలచి అతడు గంటగంటకు మేత వేసెను. నాలుగవనాటికి నీరు పాలవలె తెల్లబడినది. చేపలు నీటిపైకి వచ్చి గాలికొరకు నోరు కొట్టుకొనుచుండెను. నీరు మురికియైనదని బాలుడు తొందరపడి ఉన్న నీరంతయు పారబోసి, పాత్రను సబ్బుతో తోమి, కుళాయి నీరు పట్టి నింపెను. మరునాటి ఉదయమునకు రెండు చేపలు వెల్లకిల తేలినవి.

ఇందు ఒక్కొక్క పనియు ప్రేమతో చేసినదే. ఒక్కొక్కటియు ఆ ప్రాణులకు ముప్పు తెచ్చినదే. చేప మొప్పలనుండి అమ్మోనియా అను పదార్థము ఎల్లవేళల నీటిలోనికి విడుదలయగుచుండును. తినక మిగిలిన మేత కుళ్లినను అదియే పుట్టును. అది చేపకు విషము. ఏటిలోను చెరువులోను కంటికి కానరాని సూక్ష్మజీవులు ఆ విషమును మొదట నైట్రైటుగాను, పిదప అంత హానిచేయని నైట్రేటుగాను మార్చుచుండును. క్రొత్త గాజుతొట్టిలో ఆ సూక్ష్మజీవులు చాలినన్ని పెరుగుటకు సుమారు నాలుగు మొదలు ఆరు వారములు పట్టును. అంతవరకు చేపలు తక్కువగా నుండవలెను, మేత తక్కువగా నుండవలెను, కొంచెము కొంచెముగా నీరు మార్చుచుండవలెను. నీరంతయు ఒక్కసారి మార్చి, పాత్రను తోమివేసినచో ఆ సూక్ష్మజీవులును పోవును. కుళాయి నీటిలో క్రిములను చంపుటకు కలిపిన క్లోరిన్ చేప మొప్పలను కాల్చును. ఆ నీటిని వెడల్పు పాత్రలో ఒక దినము తెరచి యుంచి వాడుట మంచిది. నోరు కొట్టుకొనుట ఆ చేపల భాష. అవి తమకు తెలిసిన రీతిని చెప్పినవి. వినదగిన చెవి ఆ యింట లేకపోయినది.

ఇప్పుడు ఆ బాలుడు తెలిసినవారి యొద్దకు పోవును. ఏండ్ల తరబడి చేపలు పెంచిన పెద్దమనిషి ఒకరు ఆ చుట్టుప్రక్కల ఉండకపోరు. ధర్మవిచారము నిజముగా మొదలగునది ఆ గుమ్మము వద్ద. "నాలుగు చేపలను గుండు గిన్నెలో పెట్టుదువా? ఆమాత్రము తెలియనివాడవు ఎందుకు కొన్నావు?" అని ఆయన గద్దించినచో, చెప్పినదంతయు సత్యమే యగును. కాని బాలుడు మరల ఆ గుమ్మము తొక్కడు. ఈసారి చేప పోయినచో పెరటిలో పాతిపెట్టి ఎవరికిని చెప్పడు. ఇంట మిగిలియున్న రెండు చేపల సంగతి ఏమి? గద్దించినవారి సత్యము వాని ప్రాణమునకు అక్కరకు రాలేదు. పెద్దవారి తెలివి బాలుని చెవికి చేరి, బాలుని చేతిమీదుగా ఆ నీటికి చేరవలెను. దారిలో బాలుని మనస్సు విరిగినచో ఆ తెలివి అక్కడనే నిలిచిపోవును.

మెత్తగా మాటలాడుటయొక్కటే చాలునా యనగా, అదియు చాలదు. "పోనీలే నాయనా, చేపయే కదా, మరియొకటి కొనుక్కొనుము" అనువారు కలరు. వినుటకు ఇంపుగానే యుండును. ఇది గద్దింపుకంటె హానికరమైన మాట. గద్దించినవాడు కనీసము చేప ప్రాణమును లెక్కలోనికి తీసుకొనెను. ఈయన దానిని లెక్కలోనుండియే తీసివేసెను. పోయినది ప్రాణమను బాధ ఆ బాలునికి కొంత ఉండవలసినదే. ఆ బాధ అతనిని చేపలను విడిచిపెట్టునట్లు కాక, నేర్చుకొనునట్లు చేయవలెను. అందుచేత ఎరిగినవారు మొదట ప్రశ్నలు వేయుదురు. "ఎన్ని పోయినవి నాయనా? ఎన్ని మిగిలినవి? నీరు ఎక్కడిది? మేత ఎంత వేసితివి?" దాచకుండ చెప్పవచ్చునను ధైర్యము ఆ కంఠస్వరములో నుండును. పిదప, "మా యింటనుకూడ మొదట ఇట్లే జరిగినది" అను మాట ఒకటి. ఆ మాటకు పాండిత్యమక్కరలేదు గాని, చెప్పువారికి కొంత వినయము కావలెను. మంచి చేపలు పెంచుచున్నారని పేరు వచ్చిన తరువాత తమ మొదటి తప్పులను చెప్పుకొనుట కొందరికి కష్టము.

రాబర్ట్ వారింగ్టన్ అను లండన్ రసాయనశాస్త్రజ్ఞుడు 1850లో అక్కడి రసాయన పండితుల సంఘమునకు ఒక ప్రయోగమును వివరించెను. గాజుపాత్రలో నీటిమొక్కలను నాటి, గోల్డ్‌ఫిష్‌లను వేసినచో, మొక్కలు విడుచు ప్రాణవాయువుతో చేపలు బ్రతుకునని ఆయన ఊహ. ఊహ సరియైనదే; కాని మొక్కల ఆకులు కుళ్లి నీరు చెడసాగినది. ఆయన ఆ సంగతిని దాచలేదు. ఆ కుళ్లును తినుటకు చెరువు నత్తలను వేసిన పిమ్మట నీరు తేరినదని వ్రాసెను. నేటి గాజుతొట్ల పెంపకమునకు మూలములలో అదియొకటి. తన నీరు చెడిన వృత్తాంతమును ఆయన విడిచి, విజయమును మాత్రమే వ్రాసియున్నచో, చదివినవారందరును తమ తమ పాత్రలలో అదే కుళ్లును చూచి తామే చేతకానివారమనుకొని యుందురు.

భగవానుడు గీత పదవ అధ్యాయమున తన భక్తుల లక్షణమును చెప్పుచు, వారు ఒకరికొకరు బోధించుకొనుచు, తన్ను గూర్చి చెప్పుకొనుచు సంతోషింతురనెను. అచ్చట ఒక గురువు, పదిమంది శిష్యులు కాదు, పరస్పరమని యున్నది. ఆ మాట భగవద్విషయమున చెప్పినది. దానిని చేపలతొట్టి వరకు దింపుట సాహసమని కొందరు పెద్దలు అనవచ్చును. అయినను ప్రాణికోటియందు ఆయననే చూడవలెనను వైష్ణవ గృహమున, ఆ తొట్టి మరీ దూరపు సంగతి కాదు.

తెలిసినవారు దగ్గరివారగుటయందు మరియొక మేలు కలదు. పరదేశపు పుస్తకము పరదేశపు నీటిని గూర్చి చెప్పును. సముద్రతీరపు ఊళ్లలో కొన్ని బావుల నీరు ఉప్పదనముతోను, సున్నపు గుణముతోను ఉండును. అమెజాన్ ప్రాంతపు మృదుజలములకు అలవాటుపడిన నియాన్ టెట్రాలను అట్టి నీటిలో వేసి, అవి రోజుకొకటి చొప్పున పోవుచుండగా మందులు వేయుచు కూర్చున్న ప్రయోజనము లేదు. అదే నీటిలో మోలీలు, గప్పీలు పిల్లలను పెట్టి వృద్ధిపొందును. ఈ సంగతి ఆ బావినీటిని రుచి చూచినవారే చెప్పగలరు. వేసవి గూర్చియు అంతే. నీరు వేడెక్కినకొలది అందు ప్రాణవాయువు తగ్గును. 20 డిగ్రీల నీటిలో లీటరునకు సుమారు 9 మిల్లీగ్రాములు కరగియుండగలిగినది, 30 డిగ్రీలకు ఏడున్నర వరకు దిగును. చలిదేశమున పది చేపలు బ్రతికిన తొట్టిలో ఇచ్చట వైశాఖమాసమున పది బ్రతుకవు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్టణము వద్ద తీరము దాటినపుడు చాలచోట్ల పలుదినములు విద్యుత్తు లేదు. విద్యుత్తు లేనిచో తొట్టిలో గాలి మోటారు ఆగిపోవును. చెంబుతో తొట్టినీరు ముంచి జానెడు ఎత్తునుండి మరల అందులోనే ధారగా పోయుచుండుట, మేత మానివేయుట, ఇవియే అప్పటి ఉపాయములు. చెంబు ప్రతి యింటను కలదు. ఉపాయము తెలిసినవారు ప్రతి యింటను లేరు.

ఇచ్చట మత్స్యకారులను మరువరాదు. చేపను పట్టి అమ్ముకొను వానికి చేపమీద దయ యేమిటని కొందరు తేలికగా అందురు. గుహుని కౌగిలించిన శ్రీరాముని కొలుచువారు ఆ మాట అనరాదు. నీటి రంగు మారినపుడు, గాలి తిరిగినపుడు, చేప ఎచ్చటికి పోవునో, ఎందుకు పోవునో తీరవాసులకు తెలిసినంత మరెవరికిని తెలియదు. ఆ బాలుని యింట తాతయే ఒకప్పుడు పడవ నడిపినవాడైయుండవచ్చును. బాలుడు ఆయనను అడిగినాడా?

క్షేత్రములకు పోవు యాత్రికులకును ఇందొక మాట కలదు. కోనేటి మెట్లమీద కూర్చుండి చేపలకు మరమరాలు, రొట్టెముక్కలు వేయుట పుణ్యమని పిల్లలచేత వేయింతురు. నలుగురు వేసిన చేపలు తినును. వందలమంది వేసిన నీరు తినును. మిగిలినదంతయు అడుగున కుళ్లి, గాజుపాత్రలో జరిగినదే కోనేటిలోను జరుగును. చిటికెడు వేయించి, తక్కినది మూట కట్టించుట తల్లిదండ్రుల పని.

స్వేచ్ఛగా తిరుగవలసిన ప్రాణిని గాజులో బంధించుటయే అధర్మము కాదా, అంత దయగలవారు ఏటిలో విడిచివేయరాదా అని ఇంటి పెద్దలు అడుగుదురు. న్యాయమైన ప్రశ్న. చేతకానివారు కొనకుండుటయే మేలనుటలో సందేహము లేదు. గోల్డ్‌ఫిష్ చక్కగా చూచినచో పది సంవత్సరములకు పైగా జీవింపగలదు, జానెడు పెరుగగలదు. గుండు గిన్నెలో దానికి తావు లేదు. కాని కొని తెచ్చిన పిమ్మట ఏటిలో విడుచుట వేరు సంగతి. భాగవత దశమస్కంధమున సౌభరి మహర్షి వృత్తాంతము కలదు. యమునా హ్రదమున గరుత్మంతుడు చేపల పెద్దను పట్టి తినగా, మిగిలిన చేపల దుఃఖమును చూడలేక ఆ ముని, గరుడుడు మరల అచ్చటికి వచ్చి చేపలను తిన్నచో ప్రాణములు కోల్పోవునని శపించెను. అది చేపల క్షేమము కోరి పలికిన మాటయే. గరుడభయము లేని చోటు అదియొక్కటేయని ఎరిగిన కాళియుడు వచ్చి అందే కాపురము పెట్టెను. ఆ మడుగంతయు విషమైనది. శ్రీకృష్ణుడు దిగివచ్చువరకు దానికి విమోచనము లేకపోయినది.

నేటి కాళియుడు చిన్నవాడే. తొట్టి గోడల పాచిని తినునని సక్కర్ చేపను వ్రేలెడంత యున్నపుడు కొందురు. అది మూరెడు పెరుగును. అప్పుడు తొట్టి చాలక, చంపుటకు చేతులు రాక, పుణ్యమని కాలువలో విడుతురు. దక్షిణ అమెరికా నదులనుండి వచ్చిన ఆ చేప తెలుగునాట నదులలోను చెరువులలోను వ్యాపించినది. దాని మొనదేలిన రెక్కలు జాలరుల వలలను చించుచున్నవి, దాని గట్టి పొలుసులవలన దానిని తినగల ప్రాణులు తక్కువ. శారదానదిలోనో, ఊరి చెరువులోనో దానిని విడిచినవారు తమ దయవలన నష్టపోయిన వలలను చూడరు.

సత్యవ్రతుడు తన మీనమును సముద్రమున విడువబోయినపుడు అది వలదనినది. ఆశ్రయమిచ్చిన ప్రాణి ఇచ్చిన పాత్రకు మించి పెరిగినపుడు, దానికి తగిన పెద్ద తొట్టి గలవారిని వెదకి అప్పగించవలెను. అట్టివారు దొరకనిచో కొన్న అంగడివానినే బ్రతిమాలవలెను. అనకాపల్లిలోనో, అచ్యుతాపురములోనో, ఎలమంచిలిలోనో పెద్ద తొట్టి ఎవరి యింట నున్నదో ఆ బాలునికి తెలియదు. చేపలు చచ్చిననాడు తన్ను గద్దింపక ప్రశ్నలు వేసిన పెద్దమనిషికి తెలిసియుండును.