నోరులేని ప్రాణి నమ్మకం కూడా అమానతే

అమానత్ అనే మాట వినగానే మనకు డబ్బు, నగలు, రహస్యాలు గుర్తుకొస్తాయి. ఎవరో మన దగ్గర దాచమని ఇచ్చినవి. ఇచ్చినవాడు మళ్లీ వచ్చి అడుగుతాడు. సాక్షులుంటారు, ఒక్కోసారి కాగితం కూడా ఉంటుంది. మరి అడగడానికి నోరు లేని ప్రాణి, సాక్షిని తెచ్చుకోలేని ప్రాణి మనల్ని నమ్మితే? ఆ నమ్మకం కూడా అమానత్ అవుతుందా? దాన్ని వమ్ము చేస్తే అది ఖియానత్ (నమ్మకద్రోహం) అవుతుందా? ఈ ప్రశ్నను మనం ఒక చిన్న ఉదాహరణతో ఆలోచిద్దాం. ఆ ఉదాహరణ బాతు. ఉర్దూలో మనం బతఖ్ అంటాం.

గోదావరి, కృష్ణా డెల్టాల్లో, కొల్లేరు పరిసరాల్లో బాతుల మందలు కొత్త కాదు. వరి కోతలయ్యాక పొలాల్లో రాలిన గింజలు, నత్తలు, పురుగులు ఏరుకుంటూ అవి సాగిపోతుంటాయి. పెరట్లో కాస్త చోటున్న కుటుంబాలు పిల్లల ముచ్చట కోసం రెండు మూడు బాతులు తెచ్చుకోవడం కూడా ఉంది. అలా తెచ్చిన మర్నాటి నుంచే ఇంట్లో ఫిర్యాదు మొదలవుతుంది: దగ్గరికి వెళ్తే పారిపోతున్నాయి, మేత పెట్టినా రావడం లేదు, మూలకు చేరి ఒకదాని మీద ఒకటి పడుతున్నాయి, ఇవి అసలు మచ్చికవుతాయా?

పెంచుకునే అనుమతి, దానితోపాటు బాధ్యత

ముచ్చట కోసం పక్షిని పెంచుకోవడం ధర్మసమ్మతమేనా అని కొందరు సందేహిస్తారు. హజ్రత్ అనస్ (రజి) గారి చిన్న తమ్ముడు అబూ ఉమైర్ దగ్గర ఒక చిన్న పిట్ట ఉండేది. అది చనిపోయినప్పుడు దైవప్రవక్త (స) ఆ పసివాణ్ణి ఆప్యాయంగా పలకరించి, పిట్ట సంగతి అడిగారు (బుఖారీ, ముస్లిం). ఈ ఒక్క హదీసు నుంచి అరవై ప్రయోజనాలు వెలికితీసి ఇబ్నుల్ ఖాస్ (రహ్మలై) అనే షాఫయీ పండితులు ప్రత్యేకంగా ఒక గ్రంథమే రాశారు. పక్షిని పెంచుకోవచ్చనే అనుమతిని ధర్మవేత్తలు దీని నుంచే గ్రహించారు.

అయితే రెండో హదీసు కూడా మనకు తెలిసిందే. పిల్లిని బంధించి, దానికి తిండి పెట్టక, స్వయంగా వెతుక్కుని తినేందుకు వదలకా చంపిన స్త్రీకి నరకశిక్ష పడింది (బుఖారీ, ముస్లిం). ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడండి. పెంచుకోవడం తప్పు కాదు. కానీ ఒక ప్రాణి దారులన్నీ మూసి దాన్ని మన గోడల మధ్యకు తెచ్చిన క్షణం నుంచి, అది స్వయంగా వెతుక్కోగలిగినవన్నీ సమకూర్చే బాధ్యత మన మెడకు చుట్టుకుంటుంది. మేత, నీరు, నీడ మాత్రమే కాదు, నిర్భయంగా కన్ను మూసే చోటు కూడా వాటిలో ఒకటి.

భయం దాని నేరం కాదు

బాతు పిరికిది కనుక పారిపోతోందని మనం అనుకుంటాం. కాస్త దాని వైపు నుంచి ఆలోచించండి. బాతుకు కళ్లు తలకు రెండు పక్కలా ఉంటాయి. అది తల తిప్పకుండానే దాదాపు చుట్టూ చూడగలదు. పైనుంచి వచ్చే ఏ నీడైనా దానికి గద్దే. మనం ప్రేమతో తల నిమరాలని పైనుంచి చెయ్యి చాస్తాం. దానికి కనిపించేది ప్రేమ కాదు, వేటాడేందుకు దిగుతున్న పంజా.

అది నిద్రపోయే తీరు ఇంకా ఆశ్చర్యకరం. 1999లో అమెరికా పరిశోధకులు నీటిబాతులను వరుసగా ఉంచి గమనించారు. వరుస చివరన ఉన్న బాతులు మధ్యలో ఉన్నవాటి కంటే చాలా ఎక్కువగా ఒక కన్ను తెరుచుకుని నిద్రపోయాయి. తెరిచిన కన్ను గుంపుకు అవతలి వైపు, అంటే ప్రమాదం రాగల వైపు ఉంది. మెదడులో ఒక సగం నిద్రపోతుంటే మరో సగం కాపలా కాస్తోందన్నమాట. సుబ్‌హానల్లాహ్! జంతువులూ, రెక్కలతో ఎగిరే పక్షులూ మనలాంటి సమాజాలేనని దివ్యఖుర్‌ఆన్ (6:38) తెలియజేసింది. ఒంటరి బాతు ఎందుకు అంత బెదిరిపోతుందో ఇప్పుడు అర్థమవుతుంది. దానికి పక్కన కాపలా ఉండే తోడు లేదు. కనుక బాతును ఎప్పుడూ ఒంటరిగా తేకూడదు. కనీసం రెండు, వీలైతే మూడు ఉండాలి.

గుడ్డు నుంచి బయటపడిన తొలి గంటల్లో బాతుపిల్ల తన కంటి ముందు కదిలే దాన్ని తల్లిగా భావించి వెంటపడుతుంది. ఈ విషయాన్ని విస్తృతంగా అధ్యయనం చేసిన ఆస్ట్రియా శాస్త్రవేత్త కొన్రాడ్ లోరెంజ్‌కు 1973లో మరో ఇద్దరితో కలిపి నోబెల్ బహుమతి లభించింది. కానీ మనం కొని తెచ్చే బాతులకు ఆ గంటలు ఎప్పుడో దాటిపోయి ఉంటాయి. అవి మనల్ని వాటంతటవే నమ్మవు. ఆ నమ్మకాన్ని మనం సంపాదించుకోవలసిందే.

నర్మీతోనే దారి

హజ్రత్ ఆయిషా (రజి) ఒకసారి మొండికేసే ఒంటె నెక్కి దాన్ని అటూ ఇటూ లాగసాగారు. అప్పుడు దైవప్రవక్త (స) ఆమెకు మృదుత్వాన్ని బోధించారు (ముస్లిం). గమనించండి, ఆ సందర్భంలో మృదుత్వం చూపవలసింది మనిషి పట్ల కాదు, మాట వినని జంతువు పట్ల. ఉర్దూలో నర్మీ అనే ఈ గుణం బాతుల విషయంలో ఎలా ఉంటుందో చూద్దాం.

మొదటి రెండు మూడు రోజులు వాటిని వాటి మానాన వదిలేయాలి. చిన్న దడి కట్టిన చోటు, వెనుక దాక్కోవడానికి ఒక మూల, పొడి గడ్డి లేదా ఊక పరుపు ఉండాలి. చుట్టాలను పిలిచి చూపించే వేడుక అప్పుడే వద్దు. మేత, నీరు రోజూ ఒకే వేళకు, ఒకే మనిషి, ఒకే రకంగా పిలుస్తూ పెట్టాలి. నీటి గిన్నె ముక్కు రంధ్రాలు, కళ్లు మునిగేంత లోతు ఉండాలి. బాతు వాటిని నీళ్లలోనే శుభ్రం చేసుకుంటుంది, మేత కూడా నీళ్లతోనే మింగుతుంది.

తర్వాత దగ్గర కూర్చోవడం మొదలుపెట్టాలి. నిలబడితే మనం వాటికి కొండంత కనిపిస్తాం, కనుక నేల మీద కూర్చోవాలి. కళ్లల్లోకి గుచ్చి చూడకూడదు. తస్బీహ్ చేసుకుంటూనో, పిల్లలైతే తమ పాఠం మెల్లగా చదువుకుంటూనో కూర్చుంటే చాలు, ఆ గొంతు వాటికి అలవాటవుతుంది. ఉడికించిన బఠాణీలు, తరిగిన తోటకూర నీళ్ల గిన్నెలో వేసి మనకు కాస్త దూరంలో పెట్టాలి. రోజురోజుకూ ఆ గిన్నె మనకు దగ్గరగా జరపాలి. చివరికి మన అరచేతిలోంచి తింటాయి. తొందర పడకూడదు. కొన్నింటికి వారం చాలు, కొన్నింటికి నెలలు పడుతుంది. ఖాకీ క్యాంప్‌బెల్, ఇండియన్ రన్నర్ జాతులకు బెదురు కాస్త ఎక్కువ. తెల్ల పెకిన్ బాతులు కొంత నిదానం.

వెంటబడి పట్టుకోవడం వారం రోజుల శ్రమను ఒక్క నిమిషంలో పాడుచేస్తుంది. గూటిలోకి పంపాలంటే రెండు చేతులూ చాచి వెనుక నుంచి నెమ్మదిగా నడిస్తే చాలు, గుంపంతా కలిసి ముందుకు సాగుతుంది. మందలు కాసేవారు పొడవాటి కర్రతో చేసే పని కూడా ఇదే. ఆ కర్ర కొట్టడానికి కాదు, దారి చూపడానికి. తప్పనిసరై ఎత్తుకోవలసి వస్తే రెక్కలు మూసి ఉండేలా రెండు చేతులతో ఒంటిని పట్టి, కింద నుంచి ఆనించాలి. కాళ్లు పట్టి వేలాడదీయకూడదు. వాటి కాళ్లు సుకుమారమైనవి, సులువుగా దెబ్బతింటాయి.

బాతుపిల్లలు తెచ్చినవారు మరింత జాగ్రత్త పడాలి. మొదటి వారం వాటికి దాదాపు 32 డిగ్రీల వెచ్చదనం కావాలి. తల్లి లేని పిల్లల ఈకలకు నీళ్లు అంటకుండా కాపాడే నూనె పూత సరిగా ఉండదు. వాటిని తొట్టిలో వదిలి ఆడిస్తే చలికి బిగుసుకుని మునిగిపోగలవు. నియాసిన్ అనే విటమిన్ వాటికి కోడిపిల్లల కంటే ఎక్కువ కావాలి. అది తక్కువైతే కాళ్లు వంకర పోతాయి. కనుక బ్రెడ్డు ముక్కలతోనో, ఉత్త నూకలతోనో పెంచడం కుదరదు. రాత్రి పిల్లి, కుక్క, ముంగిస చొరబడని గూడు తప్పనిసరి. పిల్లలు బాతుల్ని తాకిన ప్రతిసారీ సబ్బుతో చేతులు కడుక్కోవాలి. 2025 ఫిబ్రవరిలో ఉభయ గోదావరి జిల్లాల్లో కోళ్లకు బర్డ్ ఫ్లూ సోకినట్టు తేలింది. బాతులు పైకి జబ్బు కనిపించకుండానే ఆ వైరస్‌ను మోయగలవు. పక్షులు అకారణంగా చనిపోతుంటే తాకకుండా పశువైద్యునికి తెలపాలి.

ఖాళీ చేతితో పిలవడం

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. దైవప్రవక్త (స) ఇంట్లో ఉండగా ఒక తల్లి తన బిడ్డను ఏదో ఇస్తానని పిలిచింది. ఏమి ఇవ్వదలిచావని ఆయన అడిగారు. ఖర్జూరం అని ఆమె చెప్పింది. ఏమీ ఇవ్వకుండా ఉండి ఉంటే అది ఆమె పేరిట ఒక అబద్ధంగా రాయబడేదని ఆయన హెచ్చరించారు (అబూదావూద్). ఆ హదీసు పసివాడి గురించే. కానీ మోసాన్ని మోసమని గుర్తించలేని ప్రాణి ముందు కూడా మన నిజాయితీకి పరీక్ష ఉందని దాని నుంచి మనం గ్రహించవచ్చు. పిడికిలి మూసి, మేత ఉన్నట్టు పిలిచి, దగ్గరికి రాగానే గబుక్కున పట్టుకునేవారిని చూస్తుంటాం. చుట్టూ ఉన్నవారు నవ్వుతారు. పక్కనే నిలబడిన బిడ్డ మాత్రం ఒక పాఠం నేర్చుకుంటాడు: బలహీనుణ్ణి మాటతో రప్పించి పట్టుకోవచ్చు. రేపు వాడు ఆ పాఠాన్ని తన దుకాణంలో, తన సంసారంలో అమలు చేస్తే తప్పు ఎవరిది?

మచ్చికయ్యాక జబహ్ చేయవచ్చా?

ఈ విషయంలో అందరికంటే గట్టిగా వినిపించే ప్రశ్న ఇది. పిల్లలు పేరు పెట్టి పెంచారు, అది చేతిలోంచి తింటోంది. ఇంటికి అతిథులొచ్చారు. బాతు హలాల్ కదా, కోస్తే తప్పేమిటి?

జవాబు సూటిగా చెప్పాలి. బాతు మాంసం హలాల్. అల్లాహ్ హలాల్ చేసిన దాన్ని మన జాలి హరాం చేయలేదు. మాంసం కోసమే పెంచేవారు కూడా దయతోనే పెంచాలి, మచ్చిక చేసుకున్నంత మాత్రాన వారు ద్రోహులు కారు. కానీ మనం పిల్లవాడికి ఇది నీదే అని చెప్పి ఇచ్చి ఉంటే విషయం మారిపోతుంది. అది కానుక. హనఫీ ఫిఖ్‌హ్ ప్రకారం తండ్రి తన బిడ్డకు ఇచ్చిన కానుకను తిరిగి తీసుకునే హక్కు ఆయనకు లేదు. వాడు బడికి వెళ్లిన వేళ చూసి కోసి, ఎగిరిపోయిందని చెబితే అక్కడ రెండు తప్పులున్నాయి. ఒకటి పరాయి సొత్తు తీసుకోవడం, రెండోది అబద్ధం.

అలాంటి వాగ్దానమేదీ లేని చోట కూడా జబహ్‌కు మర్యాదలున్నాయి. కత్తి పదును చేయాలి, జంతువును బాధపెట్టకూడదు. దాని కళ్లముందు కత్తి నూరడం, ఒకదాని ఎదుట మరొకదాన్ని కోయడం ధర్మవేత్తల దృష్టిలో మక్రూహ్. రోజూ మేతకు పిలిచిన పిలుపుతోనే కత్తి దగ్గరికి పిలవడం గురించి ఏమంటారని అడిగితే, అది హరాం అని మేము అనం. అయితే ప్రాణిని చివరి క్షణంలో కూడా బెదరగొట్టవద్దని నేర్పిన ధర్మం మనది. ఆ పిలుపును అందుకు వాడకుండా మరో దారి చూసుకోవడమే ఆ స్ఫూర్తికి దగ్గరగా ఉంటుందని మా అభిప్రాయం.

పెంచలేక చెరువులో వదిలేయడం మాత్రం దయ కాదు. మేతకు, గూటికి అలవాటు పడిన పెంపుడు బాతు కుక్కలకు ఆహారమవుతుంది. బాతులున్న మరో ఇంటికి ఇవ్వడమే సరైన పని. చక్కగా చూసుకుంటే బాతు పదేళ్ల దాకా బతకగలదు. తెచ్చే ముందే ఆ లెక్క వేసుకోవాలి.

నమ్మకానికి గుర్తు

బాతు ఒడిలోకి వచ్చి కూర్చుంటేనే నమ్మినట్టని పిల్లలు అనుకుంటారు. చాలా బాతులు ఎప్పటికీ అలా రావు. రావాలని వాటిమీద ఒత్తిడి తేవడం మన సరదా తప్ప వాటి హక్ఖ్ కాదు. మనం పక్కన ఉండగానే మేత తిని, తోక ఆడించి, ఈకలు సర్దుకుని, ముక్కు రెక్కలో దూర్చి, కాపలా కన్ను కూడా మూసుకుంటే అదే నమ్మకం. ఆ క్షణంలో అది తన కాపలాను మనకు అప్పగించింది. సాక్షి లేడు, కాగితం లేదు. అన్నీ చూసే అల్లాహ్ ఉన్నాడు.

కనుక మొదట అడిగిన ప్రశ్నకు జవాబు ఔననే. అప్పగించినవాడు అడగలేడన్న కారణంతో అమానత్ బరువు తగ్గదు. మన గుమ్మంలో పనిచేసే పేదవాడు, మంచాన పడిన ముసలి నానీ, మాటలు రాని బిడ్డ, పెరట్లోని బతఖ్, వీరందరి నమ్మకాన్నీ తూచే త్రాసు ఒక్కటే.

బలహీనుల నమ్మకాన్ని నిలబెట్టుకునే భాగ్యం అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.