సెల్లారియస్ పటమూ, తటస్థతా

ఫిజిక్సు చెప్పే మిత్రుడొకాయన తన ముందుగదిలో ఒక పాత ఖగోళచిత్రం నకలును పటం కట్టించి తగిలించాడు. నడుమ భూమి. దాని చుట్టూ చంద్రుడు, బుధుడు, శుక్రుడు, సూర్యుడు, కుజుడు, గురుడు, శని వరసగా, రథాలెక్కిన దేవతల రూపాల్లో. అంచున రాశిచక్రం. ఒకనాడు అతని దగ్గరికి వచ్చిన విద్యార్థి దానిని చాలాసేపు చూచి, "మాష్టారూ, క్లాసులో తప్పని చెప్పేదాన్ని ఇంట్లో పటం కట్టించారేమిటి?" అని అడిగాడు. "అందంగా ఉంది గనక" అన్నాడు మిత్రుడు. కుర్రవాడు నవ్వి ఊరుకున్నాడు. ఆ జవాబు నాకు తృప్తినివ్వలేదు. ఆ ప్రశ్న కూడా పూర్తిగా సబబని తోచలేదు.

ఈ చిత్రం 1660లో ఆంస్టర్‌డాంలో యాన్సోనియస్ ప్రచురించిన 'హార్మోనియా మాక్రోకాస్మికా' అనే అట్లాసులోది. కూర్చినవాడు ఆండ్రియాస్ సెల్లారియస్, హోర్న్ అనే రేవుపట్టణంలో లాటిన్ పాఠశాల ప్రధానోపాధ్యాయుడు. అంటే మనబోటి బడిపంతులే. అందులో 29 చిత్రాలున్నవి. రాగిరేకుల మీద చెక్కి అచ్చువేసినవి. డబ్బు పెట్టగలవాళ్ల ప్రతులకు చేత్తో రంగులద్దారు. హాలెండులో పటాల వ్యాపారం ఓడల వ్యాపారం నీడన పెరిగింది. 1605లో బట్టల కోసం మన మచిలీపట్నం చేరినవి ఆ దేశపు ఓడలే. ఐతే ఈ అట్లాసు నావికుడికి దారి చూపేది కాదు. కలవారి గ్రంథాలయానికి శోభ.

ఇందులో సెల్లారియస్ టాలమీకీ, టైకోకీ, కోపర్నికస్‌కీ ఒకే కొలత కాగితం, ఒకే హంగు ఇచ్చాడు. టాలమీకి భూమి కేంద్రం. కోపర్నికస్‌కు సూర్యుడు. టైకో మధ్యేమార్గం పట్టాడు: గ్రహాలు సూర్యుడి చుట్టూ తిరుగుతాయి, వాటిని వెంటబెట్టుకుని సూర్యుడు కదలని భూమి చుట్టూ తిరుగుతాడు. చూసేవాడికి ఏది నచ్చితే అది. దీనిని నిష్పాక్షికత అని మెచ్చుకునేవాళ్లున్నారు. నాకు మొదట కోపమే వచ్చింది. నిజానికీ అబద్ధానికీ సమానంగా పీట వేయడం న్యాయం కాదు, తీర్పు చెప్పకుండా తప్పుకోవడం.

కాని నేను తీర్పు చెప్పేముందు ఆ కాలం సంగతి చూడాలి గదా. కోపర్నికస్ పుస్తకం వచ్చింది 1543లో. దిద్దేవరకు దానిని చదవరాదని రోమన్ చర్చి 1616లో ఆజ్ఞాపించింది. 1633లో గెలీలియో చేత భూమి కదలదని ఒప్పించింది. 1660లో కూడా చర్చి భూభ్రమణాన్ని ఒప్పుకోలేదు. హాలెండులో రోమ్ ఆజ్ఞ చెల్లదు, నిజమే. అక్కడి ప్రొటెస్టెంటు మతాచార్యుల్లో మాత్రం భూమి తిరగడాన్ని సహించనివాళ్లు లేకపోలేదు. అటువంటప్పుడు సింహాసనం మీద ఉన్న సిద్ధాంతం పక్కనే శిక్షపడిన సిద్ధాంతానికి సమానమైన ఆసనం వేయడం తటస్థత అనిపించుకోదు. ఒకరి నోరు నొక్కిపెట్టిన సభలో ఇద్దరికీ సమానంగా అవకాశం ఇస్తే, లాభం కలిగేది నోరు నొక్కబడినవాడికే.

మరి సాక్ష్యం సంగతి? ఇక్కడ సెల్లారియస్‌ను అంత సులభంగా వదలలేను. టాలమీ లెక్కలో శుక్రుడు ఎప్పుడూ భూమికీ సూర్యుడికీ మధ్యనే ఉంటాడు. కాబట్టి మనకు నెలవంకలాగే కనపడాలి. 1610లో గెలీలియో దుర్భిణిలో చూస్తే శుక్రుడు చంద్రుడిలాగే పెరిగి, దాదాపు నిండుగా కూడా కనిపించాడు. సూర్యుడికి అవతలి పక్కకు వెళ్లకపోతే అది సాధ్యం కాదు. టాలమీ పని అక్కడితో సరి. టైకో పని కాలేదు, అతని ఏర్పాటులోనూ శుక్రుడు సూర్యుడినే చుట్టివస్తాడు. భూమి కదులుతున్నదనే గుర్తును నక్షత్రాల కాంతిలో బ్రాడ్లీ పట్టి ప్రకటించింది 1729లో. భూమి చోటు మారినకొద్దీ ఒక నక్షత్రం ఎంత జరిగినట్టు కనపడుతుందో బెస్సెల్ కొలిచి చెప్పింది 1838లో. కాబట్టి 1660లో టైకోకూ కోపర్నికస్‌కూ మధ్య తేల్చకుండా ఉండడంలో నిజాయితీ ఉన్నది. టాలమీని వాళ్ల సరసన కూర్చోబెట్టడంలో ఉన్నది బద్ధకం. పుస్తకం ఒకటే, మనిషి ఒకడే.

టాలమీని వెక్కిరించాలని నా ఉద్దేశం కాదు. సుమారు పద్నాలుగు వందల ఏళ్లు గ్రహాల లెక్కలు ఆయన పద్ధతిలోనే నడిచినవి. ఆయన పొరబడ్డాడు, అంతే. ఆ పొరపాటును దిద్దబోయినవాళ్లను మోకాళ్ల మీద నిలబెట్టినవాళ్లు వేరు.

మిత్రుడి పటం అడుగున ఉన్నవి యాన్సోనియస్ పేరు కాదు, షెంక్, వాల్క్ అనే వర్తకుల పేర్లు. అంటే అది 1708 నాటి పునర్ముద్రణకు నకలు. న్యూటన్ 'ప్రిన్సిపియా' వచ్చి అప్పటికి 21 ఏళ్లు. వాళ్లు సెల్లారియస్ రాసిన వ్యాఖ్యానాన్ని తీసివేసి, బొమ్మలు మాత్రం మళ్లీ అచ్చు వేశారు. ఎవరు ఎందుకు ఏమన్నారో పోయింది. రాగిరేకులు వర్తకుడికి పెట్టుబడి. టాలమీ ఓడిపోయాడని వాటిని కరగబెట్టుకుంటాడా? 1660లో కొంతైనా నిజాయితీ ఉన్న సమదృష్టి 1708 నాటికి సరుకుగా మారింది.

ఇది పాత కథ అనుకోనక్కరలేదు. 2023లో ఎన్.సి.ఇ.ఆర్.టి. పదోతరగతి సైన్సు పుస్తకంలోనుంచి జీవపరిణామ పాఠాన్ని తీసివేసింది. పిల్లల మీద భారం తగ్గించడానికన్నారు. సెల్లారియస్ ఓడినవాడి బొమ్మను ఉంచాడు. ఇక్కడ గెలిచినవాడి బొమ్మనే దించివేశారు. దాన్ని గురించి మాట్లాడబోయిన ఉపాధ్యాయుడికి తోటివాళ్లు చెప్పే హితవు ఒకటే: మనకెందుకు, పక్షం వహించవద్దు. ఈ హితవు చెప్పేవాళ్లందరూ పిరికివాళ్లని నేననను. ఉద్యోగం, సంసారం ఉన్నవి. కాని తేలిపోయిన విషయంలో పక్షం వహించకపోవడం కూడా ఒక పక్షమేనని వాళ్లకు తెలియదా?

మిత్రుడితో ఇదంతా వాదించాను. కోపర్నికస్ చిత్రం కూడా తెప్పించి పక్కన తగిలిస్తానన్నాడు. అలా చేస్తే మళ్లీ సెల్లారియస్ అట్లాసే అవుతుందన్నాను. ఉన్న పటం కిందనే శుక్రుడి సంగతి నాలుగు వాక్యాలు రాసి అతికించమన్నాను. ఫ్రేము అందం పాడవుతుందట. ఇంకా ఒప్పుకోలేదు.