పది పేర్లు చెప్పిన అర్జునుడు

1998లో హైదరాబాద్‌లో సైబర్ టవర్స్ తెరుచుకున్న దగ్గర్నుంచి మాదాపూర్, గచ్చిబౌలి, రాయదుర్గం ఆఫీసుల్లో ఇంటర్వ్యూకి కూర్చున్న చాలామందికి ఒక ప్రశ్న దగ్గర గొంతు పట్టేస్తుంది. "టీం సంగతి వదిలేయండి, మీరేం చేశారో చెప్పండి" అంటుంది ప్యానెల్. రెజ్యూమెతో పాటు పోర్ట్‌ఫోలియో కూడా పంపమంటున్న రోజులివి. చేసిన ప్రాజెక్టులు, గిట్‌హబ్ లింకులు, డిజైన్ల స్క్రీన్‌షాట్లు, ఒక్కోదాని కింద నాలుగు వాక్యాల వివరణ. ఆ నాలుగింట్లో మూడు 'నేను'తోనే మొదలవుతాయి. సొంత డబ్బా కొట్టుకోకూడదని వింటూ పెరిగినవాళ్లకి ఇది నైపుణ్యం సమస్య కన్నా ముందు ధర్మం సమస్య. తన గురించి తాను చెప్పుకోవడం తప్పా, తప్పయితే ఎక్కడి నుంచి తప్పు?

తప్పేననేవాళ్లకి గట్టి ఆధారం కర్ణపర్వంలో ఉంది. గాండీవం ఇంకొకరికి ఇచ్చెయ్యమని ధర్మరాజు నోరు జారతాడు. ఆ మాటన్నవాణ్ణి చంపుతానని ఎప్పుడో ఒట్టు పెట్టుకున్న అర్జునుడు కత్తి దూస్తాడు. పెద్దవాణ్ణి నువ్వు అని తూలనాడితే చంపినట్టేనని కృష్ణుడు దారి చూపిస్తాడు. అన్నను తిట్టేశాక సిగ్గుతో తన ప్రాణమే తీసుకోబోతే, నిన్ను నువ్వు పొగుడుకో, ఆత్మహత్య చేసుకున్నట్టే అంటాడు. శివుడు తప్ప నాకు సాటి విలుకాడు లేడని అర్జునుడు పొగుడుకుంటాడు. ఆత్మస్తుతి మీద ఇంతకన్నా కఠినమైన తీర్పు ఏముంటుంది? అయితే ఇదే అర్జునుడు అంతకుముందు విరాటపర్వంలోనూ తన గురించి చెప్పుకున్నాడు. జమ్మిచెట్టు మీది ఆయుధాలు దింపించి, ఇవి పాండవులవి, నేనే అర్జునుణ్ణి అంటే విరాటరాజు కొడుకు ఉత్తరుడు వెంటనే నమ్మలేదు. అర్జునుడికి పది పేర్లున్నాయట, అవేమిటో, ఎందుకొచ్చాయో చెప్పమన్నాడు. ఉరుములు ఉరిమితే మన ఇళ్లలో పిల్లల చేత అర్జునా, ఫల్గుణా అని చదివించే పేర్లు ఆ పదే. ఒక్కో పేరుకీ కారణం చెప్పుకుంటూ వెళ్లాడు అర్జునుడు. దీన్ని ఆత్మస్తుతి అని భారతం ఎక్కడా తప్పు పట్టలేదు.

రెండు చోట్లా మాట్లాడింది ఒక్కడే, విషయం కూడా తన గొప్పే. మరి తేడా ఎక్కడుంది? కర్ణపర్వంలో అతను తనను మిగతా లోకంతో పోల్చుకున్నాడు. ఆ మాటకి సాక్ష్యం లేదు, తెలుసుకుందామని అడిగినవాడూ లేడు. విరాటపర్వంలో తెలుసుకోవాల్సిన అవసరమున్నవాడు అడిగాడు, ఆయుధాలు ఎదురుగా ఉన్నాయి, చెప్పిన ప్రతి పేరుకీ ఆధారం ఉంది. ఆ ఆధారాల్ని నింపాదిగా చూస్తే ఇంకో విశేషం కనబడుతుంది. కిరీటి అన్న పేరు ఇంద్రుడిచ్చిన కిరీటం వల్ల వచ్చింది. ఫల్గునుడన్నది పుట్టిన నక్షత్రం చలవ. కృష్ణుడన్నది తండ్రి ముద్దుగా పెట్టుకున్నది. సవ్యసాచి మాత్రం రెండు చేతులా సాధన చేసి సంపాదించుకున్నది. ఏది తన కష్టమో, ఏది ఒకరిచ్చిందో, ఏది కాలం కలిసొచ్చి దక్కిందో ఆ జాబితాలోనే విడివిడిగా ఉన్నాయి.

ఇలా విడదీయడానికి భగవద్గీత ఒక లెక్క ఇచ్చింది. 18వ అధ్యాయం 14వ శ్లోకం ప్రకారం ఏ పనికైనా ఐదు కారణాలు: ఆధారంగా నిలిచే చోటు, కర్త, సాధనాలు, రకరకాల ప్రయత్నాలు, ఐదోది దైవం. తానొక్కడే కర్తననుకునేవాడికి చూపు సరిగా లేదని 16వ శ్లోకం అంటుంది. నిష్కామకర్మ పేరు చెప్పి 'నేను' అన్న మాటే తుడిచేయాలనేవాళ్లు ఒకటి గమనించాలి. గీత కర్తను కొట్టెయ్యలేదు, ఐదింట్లో ఒకటిగా లెక్కపెట్టింది. "పేమెంట్ పేజీ వేగం పెంచాను" అన్న వాక్యాన్ని ఈ లెక్కలో పెట్టి చూడండి. పాత టీం రాసిపోయిన కోడ్ ఆధారం. ఎవరో ఉచితంగా పంచిన లైబ్రరీ సాధనం. టెస్టింగ్ వాళ్లు రాత్రి కూర్చుని పట్టిన బగ్గులు ప్రయత్నంలో భాగం. పండగ సేల్‌లో రద్దీ పెరిగి ఆ పేజీ మీద పైవాళ్ల కన్ను పడటం దైవం. ఇవన్నీ తీసేశాక మిగిలేది, ఫలానా క్వెరీని ఇలా మార్చాను అన్న ఒక్క ముక్క. పోర్ట్‌ఫోలియోలో ధైర్యంగా, 'నేను' పెట్టి రాసుకోవాల్సింది ఆ ముక్కనే. (అసలు కోడ్ కంపెనీ సొత్తు. అది అంటించకుండా పద్ధతి మాత్రమే చూపించాలన్నదీ ధర్మంలో భాగమే.)

పనే మాట్లాడుతుంది, మనం చెప్పుకోనక్కర్లేదు అనే అభ్యంతరం ఒకటుంది. వినడానికి బాగుంటుంది గానీ, ఆ మాట అనగలిగేది తరఫున మాట్లాడేవాళ్లున్నవాడు. మేనమామ అదే కంపెనీలో మేనేజరైతే, సీనియర్ రిఫరల్ పెడితే, వినయంగా కూర్చోవచ్చు. ఇంట్లో మొదటిసారి డిగ్రీ చదివి నల్గొండ నుంచో పాలమూరు నుంచో వచ్చి అమీర్‌పేట హాస్టల్లో ఉంటున్న అమ్మాయికి ఆ పోర్ట్‌ఫోలియో ఒక్కటే సిఫారసు. ఆమెను మౌనంగా ఉండమనడం వినయం నేర్పడం కాదు, పక్కకి తప్పుకోమనడం.

రెండో అభ్యంతరం ఇంకా గడుసుది. అందరూ పెంచి రాస్తున్నప్పుడు నిజం రాసినవాడు నష్టపోడా? పోతాడు, చాలాసార్లు. ఫేక్ ఎక్స్‌పీరియన్స్ పెట్టించే కన్సల్టెన్సీలు ఉన్నాయన్నది ఈ ఊళ్లో అందరికీ తెలిసిన రహస్యం. బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో (బీజీవీలో) దొరికిపోతారన్నది ఒక జవాబే గానీ, దొరకనివాళ్లూ ఉంటారు కాబట్టి అది చాలదు. అసలు చిక్కు అబద్ధం ఒకచోట ఆగకపోవడంలో ఉంది. 2009 జనవరి 7న సత్యం కంప్యూటర్స్ ఛైర్మన్ రామలింగరాజు లెక్కల మోసాన్ని ఒప్పుకుంటూ ఇచ్చిన లేఖలో రాసింది అదే. అసలు లాభానికీ పుస్తకాల్లో చూపినదానికీ మధ్య మొదట్లో కొద్దిగానే ఉన్న తేడా, ఏళ్లు గడిచేకొద్దీ అదుపు తప్పిపోయింది. లేని రెండేళ్ల అనుభవం రాసుకున్నవాడు తర్వాతి ఇంటర్వ్యూలో దాని మీద ఇంకో అంతస్తు కట్టక తప్పదు.

అలాగని భారమంతా అభ్యర్థి మీదే వేయడం అన్యాయం. టీం సంగతి వదిలేయమని అడిగే ప్యానెల్, ఐదు కారణాల్లో నాలుగింటిని కొట్టెయ్యమని తానే చెబుతోంది. అలా అడిగితే అతిశయోక్తి రాక ఇంకేం వస్తుంది? ఈ పనిలో మీది కానిదేది అని కూడా అడిగి చూడాలి వాళ్లు. నిజంగా ఆ పని చేసినవాడికి పాత కోడ్‌తో పడ్డ తిప్పలు, ఎవరు ఎక్కడ చెయ్యి వేశారో, ఏ మార్పు తనకు ముందే జరిగిందో తడుముకోకుండా వస్తాయి. మాట అద్దెకు తెచ్చుకున్నవాడు 'నేను' దగ్గరే తిరుగుతుంటాడు.