బాల్యచేష్టలు - భావిజీవితము

శ్రీమద్రామాయణ బాలకాండమునందలి అసమంజుని వృత్తాంతము పాఠకులకు తెలిసినదే. సగరచక్రవర్తి కుమారుడై యుండియు, పురజనుల బిడ్డలను పట్టి సరయూనదిలో పడవైచి, వారు మునిగిపోవుచుండగా చూచి నవ్వెడివాడు. పరుల దుఃఖము కంటికి కనబడినను హృదయమునకు సోకకుండుట, చేసినదానికి పశ్చాత్తాపము లేకుండుట - ఇట్టి స్వభావమును నేటి మనోవైద్యులు సంఘవ్యతిరేక వ్యక్తిత్వ రుగ్మతయని వ్యవహరించుచున్నారు. 1980లో అమెరికా మనోవైద్య సంఘము వెలువరించిన నిర్ణయగ్రంథము ప్రకారము 18 ఏండ్లు నిండనివానికి ఈ పేరు పెట్టరాదు. నిండినవానికైనను, 15 ఏండ్లకు లోపలనే దుష్ప్రవర్తన పొడసూపి యుండవలెను.

ఈ రెండవ మాట వినిన తండ్రికి గుండె ఝల్లుమనును. అబద్ధములాడి, కుక్కపిల్లను హింసించి, తోడివానిని కొట్టి వచ్చిన కొడుకు ముఖమున అసమంజుడే గోచరించును.

ఇచ్చట తర్కశాస్త్రమును కొంచెము తోడు తెచ్చుకొందము. పొగ యున్నచోట నిప్పుండును. నిప్పున్నచోటనెల్ల పొగ యుండదు. ఎఱ్ఱగా కాలిన ఇనుపగుండు ఇందుకు దృష్టాంతము. లీ రాబిన్స్ అను విదుషి, సెయింట్ లూయిస్ నగరమున బాలచికిత్సాలయమునకు వచ్చిన 524 మంది పిల్లలు ముప్పదియేండ్ల పిదప ఏమైరో విచారించి 1966లో గ్రంథము ప్రకటించెను. అట్టి పెద్దలు దాదాపు అందఱును బాల్యమున దుశ్చేష్టలు చేసినవారే. కాని దుశ్చేష్టలు చేసిన పిల్లలలో అధికభాగము అట్టి పెద్దలు కాలేదు.

ఈ వ్యాప్తిని నేను ఏండ్ల తరబడి పాఠము చెప్పితిని. అయినను ఒక విద్యార్థి దొంగతనములు చేయుచు, చిన్నవారిని నిర్దయగా కొట్టుచుండగా, "వీడు బాగుపడడు" అని తండ్రి యెదుటనే పలికి పంపివేసితిని. నిప్పును చూచి పొగను అనుమానించితిని! శిష్యుడెవడైన అట్లు చేసినచో బెత్తము తీసెడివాడను. ఆ తండ్రి మారుపలుకక కొడుకు చేయి పట్టుకొని మెట్లు దిగెను.

దెబ్బలు తిన్న పిల్లలను కాపాడవలదా? కాపాడవలసినదే. సగరుడు అసమంజుని వెడలగొట్టుటను నేను తప్పుపట్టను. మునిగిన బిడ్డల తల్లిదండ్రులకు రాజు సమాధానము చెప్పవలెను గదా. కాని అది చేసిన పనికి దండన. చేయబోవు పనికి కాదు. నేను వేసినది రెండవది. కొట్టుట మాని, హద్దును నిలకడగా నిలిపి, మంచిపనిని వెంటనే మెచ్చుకొనుట తల్లిదండ్రులకు నేర్పినచో పలువురు పిల్లలు కుదుటపడుదురని వైద్యులు చెప్పుచున్నారు. అంతటి ఓపిక ఆనాడు నాకు లేకపోయెను.

అసమంజుని కుమారుడు అంశుమంతుడు. తండ్రిని చూచి సగరుడు ఈ మనుమని లెక్కగట్టలేదు. యాగాశ్వమును వెదకి తెచ్చుటకు పంపినది ఇతనినే.