కుదురు ఎవరి కోసం?

“కాస్త కుదురుగా కూర్చో” అనే మాట వినకుండా పెరిగినవాళ్లు మనలో ఎవరూ ఉండరు. కానీ కుదురు అనేది అసలు ఒక వస్తువు పేరని ఎంతమందికి గుర్తుంది? అడుగు గుండ్రంగా ఉన్న కుండ దొర్లిపోకుండా కింద పెట్టే గడ్డి చుట్ట అది. కుండ నిలబడాలని ఎవరూ దాని అడుగు చదును చెయ్యరు. కుండకి తగ్గ చుట్ట చేస్తారు.

ఇంట్లో పెంచే జంతువుల దగ్గరికొచ్చేసరికి ఈ తేడా మర్చిపోతాం. ఫెర్రెట్ పిల్లనే తీసుకోండి. రీల్స్‌లో చూసి, మారేడుపల్లిలోనో సైనిక్‌పురిలోనో మన ఫ్లాట్‌లో ఒకటుంటే బావుండు అనిపించేంత ముద్దుగా ఉంటుంది. చూడ్డానికి ముంగిసలా ఉన్నా దాని చుట్టం కాదు, నీటికుక్కల కుటుంబానికి చెందింది. 2000 ఏళ్లకు పైగా మనిషి మచ్చికలో ఉంది. ఇలాంటి జంతువుల మూతికి చిక్కం కట్టి కుందేళ్ల బొరియల్లోకి పంపేవారని గ్రీకు భూగోళ రచయిత స్ట్రాబో రాశాడు. ఇరుకు కన్నాల్లో దూరడం, కదిలేదాన్ని పళ్లతో పట్టుకోవడం: ఏ గుణాల కోసం తరతరాలుగా పెంచామో, వాటికే ఇప్పుడు అల్లరి అని పేరు పెట్టాం.

ఫెర్రెట్ పిల్ల వీపు విల్లులా వంచి, నోరు తెరిచి, పక్కకి గెంతుతూ మీదికొస్తుంది. కొత్తవాళ్లకి అది దాడిలా కనిపిస్తుంది. నిజానికి “ఆడుకుందాం రా” అని పిలుపు. తోటి పిల్లల మెడ మీద చర్మం మందం కాబట్టి అవి ఒకదాన్నొకటి కొరుక్కుంటూనే ఆడుకుంటాయి. మన వేలి చర్మం పల్చనని దానికెలా తెలుస్తుంది?

పంచతంత్రంలో ముంగిస కథ మనందరికీ తెలుసు. పసివాణ్ణి పాము నుంచి కాపాడిన ముంగిస నోటికి రక్తం చూసి, బిడ్డనే చంపిందనుకుని దాన్ని చంపేస్తారు. తొందరపాటు వద్దని చెప్పే కథగా దాన్ని చదువుకున్నాం. నాకది ఇంకోలా కూడా కనిపిస్తుంది: జంతువు నోరు ఏం చెబుతోందో తెలుసుకోకుండానే తీర్పు చెప్పే అధికారం మన చేతిలో ఉందన్న కథలా.

ఆ అధికారం ఇక్కడా ఉంది. పిల్లని మెడ వెనక చర్మం పట్టుకుని ఎత్తితే ఒళ్లంతా వదిలేసి, ఆవులిస్తూ వేలాడుతుంది. “చూశావా, ఎంత బుద్ధిగా ఉందో” అంటాం. తల్లి నోట కరుచుకుని మోసేటప్పుడు కదలకుండా ఉండటానికి పుట్టుకతో వచ్చిన స్పందన అది. గోళ్లు తీయడానికో మందు వేయడానికో ఒక నిమిషం పనికొస్తుంది. దాన్ని నమ్మకం అనుకోవడం మాత్రం మనల్ని మనం మోసం చేసుకోవడమే. నిశ్శబ్దాన్ని అంగీకారం అనుకునే అలవాటు మనకి జంతువుల దగ్గరే మొదలు కాలేదు కదా.

“అయితే స్వేచ్ఛగా వదిలేయాలా?” అని అడగొచ్చు. ముంగిసల విషయంలో ఆ మాట సరే. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వాటిని పట్టి పెంచుకోవద్దనే అంటుంది. ఫెర్రెట్‌కి మాత్రం తిరిగి వెళ్లడానికి అడవి లేదు. దాన్ని ఇంటి జంతువుగా మార్చింది మనిషి కాబట్టి, ఇంటిని దానికి తగ్గట్టు మార్చాల్సింది కూడా మనిషే.

అంటే ఏం చెయ్యాలి? రోజులో పద్నాలుగు గంటలకు పైగా పడుకుంటుంది కాబట్టి నిద్ర చెడగొట్టకూడదు. లేచాక కొన్ని గంటలు పంజరం బయట పరిగెత్తనివ్వాలి. రెండు చేతులతో, వెనక కాళ్లకి ఆసరా ఇచ్చి ఎత్తుకోవాలి. గట్టిగా కొరికితే కొట్టకూడదు. ఆట ఆపి, కాసేపు పక్కన పెట్టి, మళ్లీ మొదలుపెట్టాలి. రోజులు కాదు, వారాలు పడుతుంది. ఫ్రిజ్ కింద సందులు మూయాలి, నమిలి మింగే రబ్బరు ముక్కలు తీసేయాలి.

ఇంకా కష్టమైంది ఎండ. 30 డిగ్రీలకి దగ్గర పడితేనే ఫెర్రెట్‌కి ప్రాణం మీదికొస్తుంది. సికింద్రాబాద్ మే నెల 40 దాటుతుంది. మధ్యాహ్నం కరెంటు పోయి, మనం ఆఫీసులో ఉంటే, అది కదలకుండా పడుకునే ఉంటుంది. ఆ కుదురుని ఎవరూ కోరుకోరు.

అందుకే తెచ్చుకునేముందు వేసుకోవాల్సిన ప్రశ్న “నేను దాన్ని దారికి తేగలనా?” అన్నది కాదు. “దానికి సరిపోయే చుట్ట నా ఇంట్లో, నా రోజులో, నా ఎండాకాలంలో అల్లగలనా?” అన్నది. లేదు అని జవాబొస్తే, తెచ్చుకోకపోవడం కూడా ప్రేమే.