సాగడం వేరు, వంగడం వేరు



ఉపాసకులారా, ఉపాసికలారా! సార్వా ఊడ్పుల రోజుల్లో మన పెంటపాడు చుట్టుపక్కల ఏ చేను చూసినా వంగిన నడుములే కనిపిస్తాయి. ఎక్కువగా అవి మన అమ్మలవి, అక్కలవి. సాయంత్రం ఇంటికొచ్చి "నడుం పట్టేసిందిరా" అంటే మనం ఏమంటాం? "అలవాటైన ఒళ్ళే కదమ్మా, కష్టపడితేనే ఒళ్ళు గట్టిపడేది" అంటాం. ఇంకొందరు "మన కర్మ, ఓర్చుకోవాలి" అంటారు. ఈ రెండు మాటలూ నిజమేనా? ఎవరో చెప్పారని నమ్మొద్దు, పరీక్షించి చూడమన్నాడు బుద్ధుడు. కాబట్టి ముందు ఒంటినే అడిగి చూద్దాం.

చెయ్యి విరిగి కొన్ని వారాలు పిండికట్టుతో ఉన్నవాళ్ళని మీరు చూసే ఉంటారు. కట్టు విప్పేసరికి కండ సన్నబడి, కీలు బిగుసుకుపోయి ఉంటుంది. బరువన్నదే పడకపోతే ఒళ్ళు తగ్గిపోతుంది. రోజూ కొద్దికొద్దిగా బరువు పడితే కండ పెరుగుతుంది, కండని ఎముకకి కట్టి ఉంచే స్నాయువు బలపడుతుంది. ఎముక కూడా తన మీద పడే బరువుని బట్టి తనని మార్చుకుంటుందని జర్మన్ వైద్యుడు జూలియస్ వోల్ఫ్ 1892లోనే పుస్తకం రాశాడు. కాబట్టి కష్టంతో ఒళ్ళు గట్టిపడుతుందన్న మాటలో సగం నిజం ఉంది.

మిగతా సగం మనకి ఎవరూ చెప్పరు. పని ఒంటిని కొంత అరగదీస్తుంది. ఆ తర్వాత తిండి, నిద్ర, విశ్రాంతి దొరికితేనే ఒళ్ళు తనని బాగుచేసుకుని బలపడుతుంది. అవి దొరక్కపోతే అరుగుదల మీద అరుగుదలే మిగులుతుంది.

సాగదీయడం కూడా అంతే. కండని ఒక్కసారిగా గుంజితే, చిరిగిపోకుండా కాపాడుకోవడానికి అది ఎదురు గుంజుతుంది. మెల్లగా సాగదీసి అరనిమిషం అలాగే ఉంచితే బిగువు వదులుతుంది. కానీ గంటల తరబడి నడుం వంచే ఉంటే, వెన్నుపూసలని కలిపి పట్టుకునే బంధనాలు మెల్లమెల్లగా సాగి వదులైపోతాయి. మనం లేచి నిలబడినంత మాత్రాన అవి వెంటనే మామూలు స్థితికి రావు. అదే ఊపులో తడి నారు కట్టలు ఎత్తితే వెన్ను దెబ్బతినే ప్రమాదం పెరుగుతుంది. చూశారా, వ్యాయామంలో సాగేదీ ఈ నడుమే, చేలో వంగేదీ ఈ నడుమే. ఒకటి బాగుచేస్తుంది, ఇంకొకటి పాడుచేస్తుంది.

సోణుడి కథ మీకు తెలుసు. చంపా నగరంలో కలిగిన ఇంటి బిడ్డ. భిక్షువై, అరికాళ్ళు నెత్తురు కారేదాకా నడుస్తూ సాధన చేశాడు. ఫలితం కనబడక ఇంటికి పోదామనుకున్నాడు. అప్పుడు బుద్ధుడు అతన్ని వీణ గురించి అడిగాడు. తీగ మరీ బిగించినా పలకదు, మరీ వదిలినా పలకదు. ప్రయత్నం కూడా అలాగే సమంగా ఉండాలన్నాడు. అష్టాంగ మార్గంలో సమ్యక్ వ్యాయామం అంటే ఇదే.

అయితే సోణుడికి, మన అక్కకి ఒక తేడా ఉంది. సోణుడు తన తీగని తానే బిగించుకున్నాడు, తానే వదులు చేసుకోగలిగాడు. చేలో ఉన్న మన అక్క వీణకి బిరడా మేస్త్రి చేతిలో ఉంది. "నడుం ఎత్తకండే, పొద్దుపోతంది" అని గట్టు మీంచి కేక వేస్తే తీగ ఇంకా బిగుస్తుంది. ఎకరానికింత అని గుత్తకి ఒప్పుకుంటే మేస్త్రి కేక కూడా అక్కర్లేదు, మనకి మనమే తొందరపెట్టుకుంటాం. విశ్రాంతి తీసుకునే వీలు లేని మనిషికి ఓర్పు గురించి బోధించడం ధమ్మం కాదు. అది ఆ గట్టు మీది కేకకి వంత పాడడమే.

బాబాసాహెబ్ ఈ సంగతి బాగా ఎరుగుదురు. పేదరికానికి పూర్వజన్మ కర్మే కారణమన్న వాదాన్ని ఆయన ఒప్పుకోలేదు. 1942 నుంచి 1946 వరకు వైస్రాయ్ కార్యనిర్వాహక మండలిలో కార్మిక సభ్యులుగా ఉన్నప్పుడు ఓర్చుకోమని ఉపన్యాసాలు ఇవ్వలేదు, పని గంటలు తగ్గించే పని చేశారు. 1946 ఫ్యాక్టరీల చట్ట సవరణతో వారానికి 54 గంటల పని 48 గంటలకి దిగింది. ఆ చట్టం ఫ్యాక్టరీ గేటు దగ్గరే ఆగిపోయింది. చేలోకి దాన్ని మనమే తీసుకురావాలి.

ఎలా అంటారా? అరగంటకోసారి అందరూ ఒకేసారి లేవండి. చేతులు నడుం మీద పెట్టుకుని మెల్లగా వెనక్కి వాలి, కాసేపు నిలబడండి. లేచిన వెంటనే బరువు ఎత్తకండి. ఒక్కరే లేస్తే సోమరి అంటారు, అందరూ లేస్తే అది పద్ధతి అవుతుంది. గుత్త మాట్లాడేటప్పుడే ఈ విరామం సంగతి కూడా మాట్లాడండి. సంఘమంటే విహారంలో కూర్చుని వందనం చెప్పుకోవడం ఒక్కటే కాదు కదా.

ఇంట్లో ఉన్న అన్నలు, తమ్ముళ్ళు కూడా ఒకటి గుర్తుపెట్టుకోండి. ఆమె చేలోంచి వచ్చాక మళ్ళీ పొయ్యి ముందు, బిందె దగ్గర వంగుతోందంటే ఆమె విశ్రాంతిని తినేస్తున్నది మనమే. మేస్త్రిని అడిగే ముందు ఆ బిందె మనం ఎత్తుదాం.

భవతు సబ్బ మంగళం. జై భీమ్.